ఎద్దులతో పాటే పస్తు

2001 మార్చి నెలాఖరు ఆదివారం, పొద్దున పదకొండున్నరకి, పందెం మధ్యలో పానకాలు చర్నాకోల కింద పడేసి బరి పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. కాడి కింద రెండెద్దులూ ఆగిపోయాయి. బండ కదల్లేదు. గడువు అయిపోయిందని మైకులో చెప్పారు.

అది పర్చూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్ల. పొగాకు కాల్చే బ్యారన్ల వెనకున్న బీడులో బరి కట్టారు. ఇప్పుడు ఆ బీడు లేదు. ఇళ్ల స్థలాలు చేసి రాళ్లు పాతారు. అప్పట్లో ఆ ఆదివారం చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉండేవి. జనం ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్లు. గోలీసోడా బండివాడు మధ్యాహ్నానికే సరుకు అయిపోతే మళ్లీ తెచ్చుకునేవాడు. గొలుసుతో కాడికి కట్టిన రాతిబండని ఒక్కో జత గడువు లోపల ఎంత దూరం లాగితే అంత. తాడు పెట్టి కొలిచి అడుగుల్లో చెప్పేవాళ్లు. పత్తి తీతలు అయిపోయి, మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులవి. ఏడాదిలో మనుషులకి కాస్త తీరిక దొరికేది ఆ రెండు నెలలే.

ఎద్దులు బాపయ్యవి. ఆయనకి అరవై దాటాయి. బరిలోకి వచ్చి ముందు ఎద్దుల కాళ్లు చూశాడు. తర్వాత పానకాలు దగ్గరికి వెళ్లాడు.

“ఏరా, మళ్లా అదేనా?”

పానకాలు ఎడమ కణత చేత్తో అదిమి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. “అదే బాబాయ్.”

“లే. నీడకి పోదాం.”

“కాసేపు ఆ మైకు ఆపమను.”

“నీ కోసం తిరునాళ్లలో మైకు ఆపుతారంట్రా?”

తాడు అవతల నుంచి రామాంజనేయులు దూకి వచ్చి చర్నాకోల తీశాడు. బాపయ్య ఊరివాడే. ఇరవై మూడేళ్లు. రెండేళ్లుగా బాపయ్య ఎడ్ల వెనక తిరుగుతున్నాడు.

“పెద్దయ్యా, నా చేతికిచ్చుంటే ఇంకో వందడుగులు పోయేయి” అన్నాడు.

“ఇప్పుడు చెప్తే ఏం లాభం?”

“ఇప్పటికి కాదు. వచ్చే పందానికి చెప్తున్నా.”

బాపయ్య వంగి గొలుసు విప్పాడు. ఎడ్లని లారీ ఎక్కించాక, ఊరు చేరేలోపు ఒక్కమాట అన్నాడు. “మే నెలలో సత్తెనపల్లి వైపు పందెం ఉంది. అక్కడ కూడా ఇట్టాగే అయితే రామాంజనేయులుకి ఇస్తా. నన్ను అనబాకు.”

లారీ తొట్టిలో రెండెద్దుల మధ్య, తలకి తువ్వాలు బిగించి కట్టుకుని పానకాలు పడుకుని ఉన్నాడు. విన్నాడు. తల ఊపితే నొప్పి పెరుగుతుందని ఊపలేదు.

బాపయ్య పానకాలుకి సొంత బాబాయి కాదు. ఊరి వరస. పానకాలు తండ్రి ఆ ఇంట్లో ఎడ్లు తోలాడు. తండ్రి తర్వాత పానకాలు. అతనికి రెండెకరాల సొంత చేను, మూడెకరాల కౌలు ఉన్నాయి. పత్తి, మిరప వేసేవాడు. పందెం తోలినందుకు కూలి లేదు. అతను అడగలేదు, బాపయ్య ఇవ్వలేదు. పెద్దోడు, చిన్నోడు అని ఆ ఎద్దులకి పేర్లు పెట్టింది పానకాలే. చిన్నోడు పుట్టిన వారానికి తల్లి ఆవు చనిపోతే, వెదురుగొట్టంతో పాలు పట్టి బతికించింది అతనే. పర్చూరు సంతకి అతను సైకిలు మీద పోతుంటే చిన్నోడు దూడప్పుడు ఊరి చివరి దాకా వెంట వచ్చేవాడు. ఊళ్లో ఆ సంగతి చెప్పుకుని నవ్వేవాళ్లు.

బాపయ్య ఇంట్లో తండ్రి కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. పందెం ముందు రోజు సాయంత్రం మేత తర్వాత ఎద్దులకి ఏమీ పెట్టరు. కడుపు బరువుగా ఉంటే ఎద్దు లాగదని వాళ్ల నమ్మకం. ఎద్దు పస్తుంటే తోలేవాడూ పస్తే. బండ లాగి, ఎద్దులు కుడితి తాగాక అతను అన్నం తింటాడు. పానకాలు తండ్రి అలాగే చేశాడు. పానకాలూ అంతే. టీ కూడా ముట్టడు. మామూలు రోజుల్లో పొలం వెళ్లేలోపు రెండు టీలు తాగే మనిషి.

తలనొప్పి మొదలై అప్పటికి రెండేళ్లు. ముందు ఎడమవైపు చూపులో ఒక తళుకు వచ్చేది. రంపం పళ్ల మాదిరి వంకరటింకరగా ఉండేది. కళ్లు మూసినా పోయేది కాదు. అది పోయిన కాసేపటికి ఎడమ కణత దగ్గర నొప్పి పట్టుకునేది. వెలుతురు పడేది కాదు. మాట పడేది కాదు. వాంతి అయ్యేది. మర్నాటికి తగ్గేది.

ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. మొదటిసారి దిష్టి అన్నారు. అప్పటి నుంచి పందెం రోజు పొద్దున ఎడ్లకీ, తోలేవాడికీ కలిపి సాంబ్రాణి పొగ వేయడం మొదలైంది. రెండోసారి, ఎవరో గిట్టనివాళ్లు రాత్రిపూట వచ్చి ఏదో చేస్తున్నారని అన్నారు. అప్పటి నుంచి పందెం ముందు రాత్రి పానకాలు పడుకోకుండా కొట్టం దగ్గర కాపలా కూర్చున్నాడు. మూడోసారి, తలపాగా బిగుతు వల్ల నరాలు పట్టేస్తున్నాయని ఒకాయన చెప్పాడు. తలపాగా తీసేశాడు. ఎడ్లకి నాడాలు కొట్టే నన్నే సాహెబ్ ఒక తాయెత్తు ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఒక్కో తలనొప్పి తర్వాత ఒక్కో జాగ్రత్త పెరుగుతూ వచ్చింది. తలనొప్పి కూడా పెరిగింది.

మార్చి పందెం తర్వాత మిరపకాయల మాట వచ్చింది. చెప్పింది బాపయ్యే.

“ఫిబ్రవరి నుంచి కల్లంలోనే పడుకుంటన్నావు. ఆ ఘాటు తలకెక్కింది. కల్లం జోలికి పోబాక.”

దాంతో కల్లం పని పానకాలు భార్య పేరమ్మ మీద పడింది. పొద్దున పరదాలు తీయడం, కాయలు తిరగేయడం, మంచు పడే వేళకి కుప్ప చేసి మళ్లీ కప్పడం అన్నీ ఆమే చేసింది. తాలుకాయలు ఏరడానికి వచ్చే ఆడవాళ్లతో ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చునేది. అప్పట్లో ఏప్రిల్ నెలలో పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సులో కూర్చుంటే కిటికీకి రెండు వైపులా ఎర్రటి కల్లాలే కనపడేవి. బస్సులో ఒకరు తుమ్మితే అందరూ తుమ్మేవాళ్లు.

ఏరేవాళ్లలో జాన్‌బీ నోరు ఊరుకునేది కాదు.

“ఏం పేరమ్మా, మీ ఆయనకి మిరపకాయ పడదంటగా?”

“అంటన్నారు.”

“మరి నువ్వెట్టా పడ్డావే?”

ఆడవాళ్లంతా నవ్వారు. పేరమ్మ కూడా నవ్వింది. తర్వాత చేతిలో కాయ అలాగే పట్టుకుని ఆగింది.

“అది కాదొదినా. నిరుడు కల్లంలో నెల పడుకున్నాడు. అంతకు ముందేడు కూడా. ఒక్క రోజన్నా తల పట్టుకున్నాడా? కాయలు కోసేటప్పుడు రాదు. ఎండబెట్టేటప్పుడు రాదు. పందెం రోజు ఎద్దుల దగ్గరికి ఈ ఘాటు నడిచి వెళ్తదా?”

“ఆ ముక్క మీ బాపయ్య మావకి చెప్పు.”

“చెప్తే వింటాడా? వాళ్ల నాన్న చెప్పాలి, వింటానికి. ఆయనేమో పోయాడు.”

ఆ వారంలోనే పేరమ్మ పానకాలుని చిలకలూరిపేట తీసుకెళ్లింది. అతను రానన్నాడు. తలనొప్పికి డాక్టరు దగ్గరికి పోతే నవ్వుతారని అన్నాడు. “రామాంజనేయులు చర్నాకోల పట్టుకుంటే నవ్వరా?” అని ఆమె అడిగింది. అతను చొక్కా మార్చుకున్నాడు.

డాక్టర్ జహీరున్నీసా ఆస్పత్రి హైవేకి లోపల వీధిలో, స్పిన్నింగ్ మిల్లు గోడ పక్కన ఉండేది. రెండు గదులు, ఒక వరండా. వీళ్లు వెళ్లినప్పుడు కరెంటు లేదు. డాక్టరు తలుపు దగ్గరికి బల్ల జరుపుకుని కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. పానకాలు చెప్పింది చివరిదాకా విని, నొప్పి ఏ వైపో, తళుకు ఎంతసేపు ఉంటుందో అడిగింది. కళ్లలోకి లైటు వేసి చూసింది. బీపీ చూసింది. చేతులు చాచమంది, నడవమంది.

“మీ అమ్మగారికి తలనొప్పి ఉండేదా?”

“నెలకోసారి తలుపేసుకుని పడుకునేదండి. పలకరిస్తే తిట్టేది. మేం చిన్నపిల్లలం. కోపం అనుకునేవాళ్లం.”

“ఇది మైగ్రేన్. మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు. కొన్ని కుటుంబాల్లో వస్తుంది. ఉన్నవాళ్లకి ఎప్పుడూ నొప్పి ఉండదు, ఏదో ఒకటి దాన్ని రేపుతుంది. ఆ రేపేదేంటో చూడాలి. పందెం రోజు కాకుండా ఇంకెప్పుడైనా వచ్చిందా?”

పానకాలు లేదన్నాడు. పేరమ్మ ఉందంది.

“శివరాత్రికి వచ్చింది. కోటప్పకొండ నుంచి వచ్చి మంచం ఎక్కాడు.”

“ఉపవాసమా?”

“ఉపవాసం, జాగారం రెండూనండి. ఇంకోసారి గుంటూరు మిరప యార్డుకి కాయలేసుకుపోయినప్పుడు. కాటా అయ్యేదాకా బస్తాల దగ్గర్నుంచి కదల్లేదంట. మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదంట. ఆ లారీల పొగకి వచ్చిందని చెప్పాడు.”

డాక్టరు పానకాలు వైపు తిరిగింది.

“పందెం ముందు రాత్రి నిద్రపోతారా?”

“లేదండి. కాపలా.”

“పొద్దున ఏం తింటారు?”

“ఏమీ తినం.”

“టీ?”

“తాగం.”

“నీళ్లు?”

“గొంతు తడుపుకుంటానండి.”

“ఎండలో తలకి ఏం కట్టుకుంటారు?”

“ఇదివరకు తలపాగా కట్టేవాణ్ణి. ఇప్పుడు తీసేశాను.”

“ఇంకేమన్నా ఉందా?”

“సాంబ్రాణి వేస్తారండి. మొహం మీదికే వేస్తారు.”

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టింది. “ఇవన్నీ ఎవరు చెప్పారు మీకు?”

“పెద్దోళ్లండి. తలనొప్పి రాకుండా ఉండటానికి.”

పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు.

“చూడండి. తిండి మానేస్తే కొందరికి వస్తుంది. నిద్ర లేకపోతే కొందరికి. రోజూ తాగే టీ ఒక్కసారిగా ఆపితే కొందరికి. ఎండ, ఘాటు వాసన, ఒంట్లో నీళ్లు తగ్గడం, మనసులో ఆందోళన, ఇవి కూడా ఉంటాయి. ఒక్కటైతే చాలామంది తట్టుకుంటారు. బండి మీద ఒక బస్తా ఎక్కువ వేస్తే ఎద్దులు లాగుతాయి. ఉన్న బస్తాలన్నీ ఒకేసారి వేస్తే?”

“ఇరుసు పోద్దండి” అన్నాడు పానకాలు.

“మీరు అన్నీ ఒకే రోజు వేస్తున్నారు.”

“మరి మిరప ఘాటో?” అని పేరమ్మ అడిగింది. “కల్లానికి పోవచ్చా?”

“కల్లంలో ఉన్న రోజుల్లో రాలేదని మీరే చెప్పారుగా. పోనివ్వండి. వస్తే అప్పుడు ఆలోచిద్దాం.”

“విన్నావా?” అంది పేరమ్మ భర్తతో. “రేపటి నుంచి పరదాలు నువ్వే తియ్యి.”

డాక్టరు మాత్రలు రాసింది. తళుకు కనపడగానే ఒకటి వేసుకోమంది. మాత్ర కంటే ముందు తిండి, నిద్ర చూసుకోమంది. తలనొప్పి మళ్లీ రాదని తను చెప్పనంది. తగ్గుతుందని చెప్పగలనంది.

పానకాలు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“అన్నీ చేస్తానండి. తినడం ఒక్కటి కుదరదు. ఎడ్లు తినకుండా నేను తినను.”

“ఎద్దులకి మైగ్రేన్ ఉందా?”

“అది నాకు తెలీదండి. ఆకలి మాత్రం ఉంటది.”

మర్నాడు సాయంత్రం బాపయ్య దొడ్లో మాట్లాడుకున్నారు. ఆ దొడ్డి వెడల్పుగా ఉండేది. ఒక పక్క ఎడ్ల కొట్టం, ఒక పక్క పత్తి గింజల బస్తాలు, మధ్యలో నులక మంచాలు. పొద్దుగూకే వేళ ఊళ్లో సగం మంది మగవాళ్లు ఆ మంచాల మీదే కూర్చునేవాళ్లు. టేప్‌రికార్డరులో ఏదో పాట ఉండేది. ఎవరూ వినేవాళ్లు కాదు. ఆ దొడ్లో ఇప్పుడు ట్రాక్టరు షెడ్డు ఉంది.

పేరమ్మ డాక్టరు చెప్పిన మాటలు వరసగా చెప్పింది. బాపయ్య విన్నాడు.

“కాపలా నేను కూర్చుంటా. నాకెట్టాగూ నిద్ర రాదు. తలపాగా కట్టుకో. సాంబ్రాణి మానేద్దాం. అయిందిగా?”

“తిండి, మావయ్యా?”

“వాణ్ణి తినొద్దని నేను చెప్పానా? తినమను.”

“నేను తినను” అన్నాడు పానకాలు.

“చూశావా? ఇంక నన్నేం చెయ్యమంటావు?”

“అయితే వాటిక్కూడా పెట్టండి” అంది పేరమ్మ.

బాపయ్య లేచి నిలబడ్డాడు.

“పందెం పొద్దున ఎద్దుకి మేత పెట్టమంటావా? మా నాన్న పెట్టలేదు. నేను పెట్టలేదు. కడుపు నిండిన ఎద్దు పడుకుంటది, లాగదు. ఆ డాక్టరమ్మ ఎప్పుడన్నా బండ లాగించిందా?”

“కడుపునిండా అని ఎవరన్నారు? గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు. తెల్లారుజామున. బండ లాగే ఏళకి అరిగిపోద్ది.”

కొట్టం గుంజకి ఆనుకుని రామాంజనేయులు నిలబడి ఉన్నాడు. “పెద్దయ్యా, ఇంత గొడవెందుకు? నేను పస్తుంటా. నాకే తలనొప్పీ రాదు.”

“నీకు తల ఉంటేగా రావటానికి” అంది పేరమ్మ.

“పేరమ్మక్కా, మాటలు జాగర్త.”

“ఏరా, చిన్నోడికి ఎడమ చెవి కింద చెయ్యేస్తే ఏం చేస్తాడో చెప్పు చూద్దాం.”

రామాంజనేయులు కొట్టంలోకి తిరిగి చిన్నోడి వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో నుంచి బాపయ్య భార్య రాజ్యం అంతా వింటోంది. చేతిలో టీ గ్లాసులున్న పళ్లెంతో వచ్చి, అందరికీ ఇచ్చి, మొగుడి ముందు మాత్రం ఆగింది.

“నీకియ్యను.”

“ఎందుకు?”

“ఈ పూట, రేపు పొద్దున కూడా మానెయ్యి. అన్నం కూడా వద్దు. రేపు మధ్యాహ్నం ఎండలో ఆ బండ పక్కన పరిగెత్తు. తల నొయ్యకపోతే అప్పుడు వాణ్ణి అను.”

“నువ్వెందుకే మధ్యలో?”

“ఉలవలు ఉడకేసేది నేను గాబట్టి.”

బాపయ్య చెయ్యి చాచాడు. రాజ్యం గ్లాసు ఇచ్చింది. ఆయన టీ తాగాడు. తర్వాత గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి చెప్పాడు. తెల్లారుజామున ఒక్కో ఎద్దుకి గుప్పెడు గుగ్గిళ్లు పెడతారు. పానకాలు అదే కుండలోది తింటాడు. బండ నిరుటి కన్నా ఒక్క అడుగు తక్కువ పోయినా, పానకాలు మళ్లీ వాంతి చేసుకున్నా, చర్నాకోల రామాంజనేయులుది.

“గుప్పెడంటే ఎవరి గుప్పెడు మావయ్యా?” అని పేరమ్మ అడిగింది.

“నాది” అన్నాడు బాపయ్య.

మే నెల మొదటి శనివారం పందెం. శుక్రవారం సాయంత్రం ఎడ్లని లారీ ఎక్కించి సత్తెనపల్లి వైపు బయల్దేరారు. రాజ్యం ఉలవలు, కుండ, ఉప్పు సంచిలో కట్టి ఇచ్చింది. పేరమ్మ మాత్రలు పానకాలు పంచె కొంగున ముడేసింది. బరి పక్కన వేపచెట్ల కింద దిగారు. బాపయ్య కుర్చీ వేసుకుని ఎడ్ల దగ్గర కూర్చున్నాడు. పానకాలు లారీలో గడ్డి పరుచుకుని పడుకున్నాడు. నిద్రపోయాడని డ్రైవరు చెప్పాడు.

తెల్లవారుజామున మూడు రాళ్ల పొయ్యి పెట్టి ఉలవలు ఉడకబెట్టారు. బాపయ్య తన చేత్తో తీసి పెద్దోడికీ చిన్నోడికీ పెట్టాడు. చిన్నోడు ఇంకా కావాలని కుండ వైపు తల చాచాడు. పెట్టలేదు. పానకాలు ఎడ్ల ముందు గొంతుకూర్చుని, అదే కుండలో నుంచి తీసుకుని ఉప్పు వేసుకుని తిన్నాడు. హోటలు నుంచి టీ తెప్పించుకుని తాగాడు. తలపాగా చుట్టుకున్నాడు.

నాడాలు చూడ్డానికి నన్నే సాహెబ్ వచ్చాడు. ఆ ప్రాంతంలో పెద్ద పందేలన్నిటికీ వచ్చేవాడు. గిట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూసి, పానకాలు చేతికి తాయెత్తు ఉందో లేదో కూడా చూశాడు.

“ఉంచావుగా. మంచిది. ఏం తింటన్నావు?”

“గుగ్గిళ్లు మావా. డాక్టరు తినమంది.”

“తిను. నా తాయెత్తు దిష్టికి కట్టింది. ఆకలికి కాదు.”

వీళ్ల వంతు పదకొండు దాటాక వచ్చింది. అప్పటికి ఎండ ముదిరింది. పానకాలు నీళ్లు తాగి బరిలోకి వెళ్లాడు. గొలుసు తగిలించారు. బాపయ్య తాడు పక్కన నిలబడ్డాడు. ఆయన వెనక రామాంజనేయులు ఉన్నాడు.

ఈల వేయగానే ఎద్దులు ఒకేసారి ముందుకి వంగాయి. బండ కదిలింది. మొదటి మలుపు దాకా ఆగకుండా పోయాయి. మలుపులో పెద్దోడు ముందుకి తోసుకుపోతాడు, చిన్నోడు వెనకపడతాడు. పానకాలు చిన్నోడి ఎడమ చెవి కింద చెయ్యి వేశాడు. చిన్నోడు మెడ కిందికి దించి లాగాడు. కాడి సమంగా వచ్చింది. చర్నాకోల ఎద్దుల మీద పడలేదు. గాలిలో ఊపాడు, అంతే. జనం కేకలు వేశారు. మైకులో అడుగులు చెబుతున్నారు.

గడువు సగం దాటాక, పానకాలు ఎడమవైపు ఒక తళుకు చూశాడు. అతని అడుగు తడబడింది. బాపయ్య అది గమనించాడు. రామాంజనేయులు కూడా గమనించి తాడు దగ్గరికి జరిగాడు. పానకాలు పరిగెడుతూనే రెండు కళ్లూ మూశాడు. తళుకు పోయింది. కళ్లు తెరిచాడు. మళ్లీ కనపడింది. తాడు అవతల మోటారుసైకిలు ఒకటి ఆపి ఉంది. దాని అద్దం మీద ఎండ పడుతోంది. రెండడుగులు ముందుకి పోయేసరికి ఆ తళుకు వెనకపడింది.

అతను అరిచాడు. ఆ అరుపు ఎద్దులకి తెలుసు. బండ మళ్లీ వేగం అందుకుంది. గడువు అయిపోయిందని చెప్పేదాకా ఆగలేదు.

తాడు పెట్టి కొలిచారు. నిరుటి కన్నా ముప్పై రెండు అడుగులు ఎక్కువ. సాయంత్రానికి అన్ని జతలూ అయ్యాక రెండో బహుమతి అని చెప్పారు. మొదటిది మాచర్ల వైపు జతకి వచ్చింది. ఎద్దులకి కుడితి పెట్టారు. అవి తాగాక పానకాలు వేపచెట్టు కింద విస్తరి ముందు కూర్చున్నాడు. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పంచె కొంగు ముడి విప్పలేదు.

“తల?” అని బాపయ్య అడిగాడు.

“ఉంది బాబాయ్.”

“నొప్పి సంగతిరా.”

“లేదు.”

ఇంటికి వచ్చిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, పానకాలుకి తలనొప్పి వచ్చింది. అంతకు ముందు పొద్దెక్కేదాకా పడుకుని, టీ తాగకుండా, చుట్టాలు వస్తే మాట్లాడుతూ కూర్చున్నాడు. తళుకు కనపడగానే మాత్ర వేసుకున్నాడు. వాంతి కాలేదు. పేరమ్మ కిటికీకి దుప్పటి కట్టి, వీధిలో పిల్లల్ని దూరంగా ఆడుకోమని అరిచింది. ఆ అరుపుకే ఎక్కువ నొప్పి వచ్చిందని అతను తర్వాత చెప్పాడు. సాయంత్రానికి లేచి కల్లానికి వెళ్లాడు.

పది రోజుల తర్వాత, బాపట్ల వైపు జరిగే పందెం వాళ్లు పేర్లు రాసుకోవడానికి ఊరికి వచ్చారు. దొడ్లో మంచాల మీద కూర్చున్నారు. రామాంజనేయులు వాళ్లకి మంచినీళ్లు ఇచ్చాడు. జత ఎవరిదని అడిగారు. బాపయ్య తన పేరు చెప్పాడు. తోలేది ఎవరని అడిగారు.

“పానకాలు” అని బాపయ్య చెప్పాడు.